బీఎంఈ280 దొరకడం లేదా? ముందు మీటర్ పట్టండి

ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డుకు బీఎంఈ280 (ఉష్ణోగ్రత, తేమ, గాలి పీడనం కొలిచే సెన్సార్) కలిపాక "సెన్సార్ దొరకలేదు" అని వస్తే వెంటనే కోడ్ జోలికి వెళ్లకండి. సెన్సార్, బోర్డు మాట్లాడుకునే ఐ2సీ లైన్లు ఎస్‌డీఏ (డేటా), ఎస్‌సీఎల్ (క్లాక్) సాధారణంగా బోర్డు 21, 22 పిన్లకు వెళ్తాయి. డేటా నడవనప్పుడు వాటిని మల్టీమీటర్‌తో కొలవండి. రెండూ 3.3 వోల్టుల దగ్గర ఉండాలి. లేకపోతే పుల్‌అప్ (లైన్‌ను పై వోల్టేజీకి లాగి ఉంచే రెసిస్టర్) అనుమానించండి: ఒక్కో లైన్‌కు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, 3.3 వోల్టులకే. 5 వోల్టులకు కలిపితే బోర్డు పిన్లకు ప్రమాదం.

ఎస్‌డీఏ ఒక్కటే సున్నా దగ్గర ఆగిపోతే, చదువుతుండగా బోర్డు రీసెట్ అయి సెన్సార్ సగం బైట్‌లో ఇరుక్కుని ఉండొచ్చు. సెన్సార్‌కు కరెంటు తీసి మళ్లీ ఇవ్వండి, లేదా ఎస్‌సీఎల్ మీద 9 పల్సులు పంపండి.

సెన్సార్ ఎస్‌డీవో పిన్ గ్రౌండ్‌కు ఉంటే ఐ2సీ అడ్రస్ 0ఎక్స్76, 3.3కి ఉంటే 0ఎక్స్77. ఐ2సీ స్కానర్‌లో (అడ్రస్‌లు వెతికే చిన్న కోడ్) కనిపించినా లైబ్రరీ ఒప్పుకోకపోతే చిప్ గుర్తింపు సంఖ్య ఉండే 0ఎక్స్‌డీ0 రిజిస్టర్ చదవండి. 0ఎక్స్60 అయితే బీఎంఈ280. 0ఎక్స్58 వస్తే చేతిలో ఉన్నది బీఎంపీ280, అది తేమ కొలవదు.