‘ఉదయపు అస్వస్థత’ అని రాయకండి

వేవిళ్లు అనే మాట అందరికీ తెలుసు. అయినా గర్భిణుల కోసం రాసే కొన్ని ఆరోగ్య కరపత్రాల్లో, ఇంగ్లిష్ ‘మార్నింగ్ సిక్‌నెస్’ను మాటకు మాట దించిన ‘ఉదయపు అస్వస్థత’ కనిపిస్తూనే ఉంటుంది. చదవడానికి ఎబ్బెట్టుగా ఉండటమే కాదు, మాట కూడా తప్పు. వికారం ఏ వేళైనా రావచ్చు, రోజంతా వదలకపోవచ్చు.

వేవిళ్లు అని ఊరుకున్నా చాలదు. వికారం, వాంతి, ఏమీ రాకుండా వచ్చే ఒట్టి డోకులు మూడింటినీ విడిగా రాయాలి. తీవ్రతను కొలిచే ‘ప్యూక్’ ప్రశ్నావళి అడిగేది ఈ మూడే. మొత్తం స్కోరు 3 నుంచి 15 దాకా. 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తీవ్రం. ‘వాంతులు అవుతున్నాయా?’ అని ఒక్కటే అడిగితే, ఆరు గంటలుగా కడుపులో తిప్పుతున్నావిడ ‘లేదు’ అనేసి వెళ్లిపోతుంది.

అన్నిటికన్నా చేటు చేసేది ‘సాధారణమే, కంగారు పడకండి’ అనే వాక్యం. ఎప్పటిదాకా సాధారణమో అందులో లేదు. దాని బదులు ఇలా రాయొచ్చు:

‘వేవిళ్లు చాలామందికి వస్తాయి, ఎక్కువమందికి 16–20 వారాలకల్లా తగ్గుతాయి. 24 గంటలుగా తిన్నదీ తాగిందీ కడుపులో నిలవకపోయినా, 8 గంటలకు పైగా మూత్రం రాకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, వాంతిలో రక్తం కనిపించినా వెంటనే డాక్టర్‌ను సంప్రదించండి.’

హైపరెమెసిస్ గ్రావిడేరమ్‌ను ‘ఎక్కువ వేవిళ్లు’ అంటే ఇంట్లోవాళ్లు ‘ఓర్చుకో’ అంటారు. పేరు ఒకసారి రాసి, ‘మామూలుగా తినలేక, తాగలేక, రోజువారీ పనులు చేసుకోలేని స్థితి’ అని విప్పి చెప్పండి. బరువు 5 శాతం తగ్గితేనే ఈ జబ్బు అన్నట్టు రాయొద్దు. 2021లో కుదిరిన అంతర్జాతీయ నిర్వచనంలో ఆ షరతు లేదు. 55 కిలోల మనిషి 2.75 కిలోలు తగ్గేదాకా ఆగమనడం ఏం న్యాయం?

‘మనసు గట్టి చేసుకోండి’ అన్న సలహా కొట్టేయండి. మావి (ప్లాసెంటా) నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోనుకూ ఈ వాంతులకూ ఉన్న సంబంధాన్ని 2023లో వెలువడిన పరిశోధన చూపించింది. ‘వాంతులైతే బిడ్డ బాగున్నట్టే’ అన్నదీ వద్దు. వాంతులు కాని ఆవిడ అది చదివి హడలిపోతుంది.

ఇక అల్లం. వికారం కొద్దిగా ఉన్నవాళ్లకు చెప్పొచ్చు, తప్పులేదు. కానీ ఆ వాక్యం హెచ్చరికల కింద ఉండాలి. గుక్కెడు నీళ్లు కూడా నిలవనివాళ్ల కంట మొదట అదే పడితే, తక్కినది చదవకుండానే కాగితం పక్కన పెట్టేస్తారు.