తెగులు పట్టిన పువ్వు

నల్లగొండ దగ్గర మా మేనమామ చేనులో, పొద్దుతిరుగుడు పువ్వు ముందు మోకాళ్ల మీద మూడు గంటలు. మామూలు వెలుతురులో ఫోకస్ కుదిర్చి, అతినీలలోహిత కిరణాలను మాత్రమే పోనిచ్చే ఫిల్టర్ బిగించి ఫొటో తీస్తే అంతా మసక. గాలిని తిట్టాను, ఏ పాపమూ ఎరుగని ట్రైపాడ్‌నూ తిట్టాను. అసలు సంగతి లెన్స్‌ది. కంటికి కనిపించే 400–700 నానోమీటర్ల కాంతికి దిద్దిన గాజు, 365 దగ్గరి అతినీలలోహిత కిరణాలను వేరేచోట కలుపుతుంది. మాక్రోలో, అంటే అతి దగ్గర నుంచి తీసే ఫొటోలో, స్పష్టత మందం మిల్లీమీటరు కూడా ఉండదు, ఆ కాస్త జరుగుబాటు చాలు కొంప ముంచడానికి.

చివరికి ఫిల్టర్ తీయకుండానే, తెర మీద చూస్తూ కెమెరాను వెంట్రుకవాసి చొప్పున జరిపాను. పచ్చని రేకుల మొదళ్లు నల్లగా, కొసలు తెల్లగా తేలాయి. తేనెటీగలకు రోజూ కనిపించే గుర్తులే!

మామయ్య తొంగిచూసి, “పువ్వుకు తెగులేమైనా పట్టిందా?” అని కంగారుపడ్డాడు.