మూడో సీజన్ లాగ్: సీడర్ మేసాలో అక్టోబర్, మూడు రాత్రులు

ముందు పాడైపోయిన వస్తువు సంగతి చెప్తాను. వాటర్ ఫిల్టర్. మొదటి రాత్రి దాన్ని బ్యాగు పక్క జేబులోనే వదిలేసి, బ్యాగుని టెంట్ బయట పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి థర్మామీటర్ 26 ఫారెన్‌హీట్ చూపిస్తోంది, బాటిల్ మూత తిరగట్లేదు, ఫిల్టర్ ఊపితే లోపల ఐసు గలగలమంటోంది. వీటిలో సన్నటి గొట్టాల్లాంటి పోగులుంటాయి, తడి మీద గడ్డకడితే చిట్లిపోతాయి, చిట్లాయో లేదో పైకి మాత్రం తెలీదు. నీళ్లు మామూలుగానే కారతాయి, వడకట్టడమే జరగదు. ఇక దాన్ని నమ్మలేక మిగతా ట్రిప్పంతా కారులో తెచ్చుకున్న నీళ్లతోనే నడిపాం. మనిషికి రోజుకో గ్యాలన్ చొప్పున ఇద్దరికి ఎనిమిది గ్యాలన్లు వేసుకుని బయల్దేరడం వల్ల బతికిపోయాం. మర్నాటి నుంచి గ్యాస్ క్యానిస్టర్ స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ల దగ్గర, బాటిళ్లు తలకిందులుగా (ఐసు పైనుంచి కడుతుంది కాబట్టి అప్పుడు మూత బిగుసుకోదు).

అమెరికాలో యూటా రాష్ట్రం ఆగ్నేయ మూలనున్న ఈ సీడర్ మేసా వైపు రావడం ఇది మూడోసారి. మొదటి ఏడాది మూడు రోజుల్లో ఆరు చోట్లు తిరిగాను, ఇప్పుడు ఫొటోలు చూస్తే ఏది ఎక్కడిదో నాకే తెలియట్లేదు. ఈసారి రోజుకి ఒకటే కాన్యన్ (నిటారు రాతిగోడల లోయ) అనుకున్నాం. క్యాంపింగ్‌కి దగ్గర్లోని నేచురల్ బ్రిడ్జెస్ పార్కు అనుకున్నాం కానీ అక్కడున్నవి 13 సైట్లే, ముందొచ్చిన వాళ్లకి ముందు, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వెళ్తే ఎక్కడ దొరుకుతుంది. వెనక్కొచ్చి మట్టిరోడ్డు పక్కన, ఇదివరకు ఎవరో టెంట్లు వేసిన చోటే మేమూ వేశాం. కొత్తచోటు తొక్కకూడదు. ఆ నేల మీద నల్లగా, గరుకుగా, బొడిపెలు బొడిపెలుగా ఉండే పొర నిజానికి ప్రాణమున్నదే, ఇసుక గాలికి లేచిపోకుండా పట్టుకునేది అదే. ఒక్క బూటు పడితే మళ్లీ కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

శనివారం మ్యూల్ కాన్యన్ సౌత్ ఫోర్క్. డే పర్మిట్ తప్పనిసరి. ఒక మైలు నడిస్తే హౌస్ ఆన్ ఫైర్ వస్తుంది, 1300కి ముందు ఇక్కడ బతికిన పూర్వపు ప్యూబ్లో జనం రాతి చూరు కింద వరసగా కట్టిన చిన్న గాదెలు. మేం ఎనిమిదింపావుకే చేరాం, చూస్తే మామూలు గోధుమరంగు రాయి. మా బావమరిది "దీనికోసమా బావా చీకట్లో లేపావు?" అన్నాడు. తొమ్మిదిన్నర దాటాక ఎదురుగా ఎండ పడిన రాతి నుంచి వెలుగు ఎగిరొచ్చి చూరు అడుగుభాగానికి తగలడం మొదలైంది, అంతే, రాతిలోని చారలు గాదెల నెత్తిన మంటలు లేచినట్టు నారింజరంగుకి తిరిగాయి. సుమారు గంటసేపు ఉంది. నేరుగా ఎండ పడగానే మళ్లీ మామూలు రాయి. ఫొటోల్లో కనిపించేంత ఎరుపు కంటికి కనిపించదు, ముందే చెప్తున్నా.

చాలామంది అక్కడే వెనక్కి తిరుగుతారు. అసలు సరదా ఆ తర్వాతే. ఈ కాన్యన్ ఇంచుమించు తూర్పు పడమరలుగా సాగుతుంది, కాబట్టి ఉత్తరపు గోడ దక్షిణం వైపు చూస్తుంది. చలికాలం ఎండ వాలుగా లోపలికి వస్తుంది, వేసవిలో చూరు నీడ ఇస్తుంది. అప్పటివాళ్లు ఇళ్లకి, గాదెలకి ఎక్కువగా ఆ గోడనే ఎంచుకున్నారు. ఈ సంగతి పట్టుబడ్డాక రెండువైపులా మెడ తిప్పుకుంటూ నడవడం మానేసి, వంద అడుగులకోసారి ఆగి ఉత్తరపు గోడని బైనాక్యులర్స్‌తో నింపాదిగా చూశాను. పోయినేడు ఇదే దారిలో నాకు అలాంటి పాత కట్టడాలు రెండు కనిపించాయి, ఈసారి ఆరు! పైకప్పు రాయి పొగచూరి నల్లబడి ఉంటే మనుషులు కాపురమున్న చోటని, శుభ్రంగా ఉండి చిన్న చదరపు ద్వారం ఉంటే ధాన్యం దాచిన చోటని ఒక అంచనాకి రావచ్చు.

ఆరోది మా భుజాల ఎత్తులోనే ఉంది. ముట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకుని మొహం దగ్గరగా పెట్టి చూశాను. రాళ్ల సందుల్లో మట్టి కూరి, మట్టి ఊడకుండా అందులో గోరంత రాతి చిప్పలు గుచ్చారు. ఒకచోట మూడు వేళ్లు పక్కపక్కన నొక్కిన గుంటలు. నా వేళ్ల కంటే సన్నగా ఉన్నాయి. కింద దుమ్ములో గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండె ఒకటి, నా బొటనవేలంత. ఉన్నది ఉన్నట్టే వదిలేశాం. 1979 నాటి పురావస్తు రక్షణ చట్టం ప్రకారం ఇలాంటివి తీసుకెళ్తే జరిమానా, జైలు కూడా. ఆ గాదె ఉన్న చోటు జీపీఎస్‌లో సేవ్ చేయలేదు, ఇక్కడా రాయట్లేదు.

ఆదివారం మబ్బులు పట్టాయి. పైన ఎక్కడో వాన పడినా కింద కాన్యన్‌లోకి వరద వస్తుంది కాబట్టి దిగే పని పెట్టుకోకుండా బ్లాండింగ్‌లోని ఎడ్జ్ ఆఫ్ ద సీడర్స్ మ్యూజియంకి వెళ్లాం. స్కార్లెట్ మకావ్ చిలక ఎర్ర ఈకలతో అల్లిన నడికట్టు ఒకటుంది. ఆ చిలకలు ఈ ఎడారివి కావు, దక్షిణాన మెక్సికో నుంచి రావాల్సిందే. బయట కివాలోకి (నేలలోకి తవ్వి కట్టిన పూజల గది) నిచ్చెన మీద దిగనిస్తారు. ఆ చల్లటి గుండ్రటి గదిలో కూర్చున్నాక, ఈ గాదెలు కట్టిన జనం "అంతుపట్టకుండా మాయమైపోయారు" అనే మాట వింటే నాకెందుకు చిరాకో మా వాడికి అర్థమైంది. చెట్ల వలయాలు 1276 నుంచి 1299 దాకా పెద్ద కరువని చెబుతున్నాయి, 1300 నాటికి జనం దక్షిణానికి తరలిపోయారు, వాళ్ల వారసులైన హోపీ, జూనీ తెగల వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మాయమైంది ఎవరు?

సోమవారం 261 నంబరు రోడ్డు మీదుగా మోకీ డగ్‌వే అనే ఘాట్ రోడ్డు దిగి ఇంటిదారి పట్టాం. కంకర మలుపులు, మూడు మైళ్లు, రెండో గేర్‌లోనే, బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చోకుండా. మా వాడు మాత్రం కళ్లు మూసుకున్నాడు.

వసంతంలో కేన్ గల్చ్ అనే ఇంకో కాన్యన్ నుంచి జంక్షన్ రూయిన్ అనే శిథిలాల దాకా నాలుగు మైళ్లు దిగి అక్కడే ఒక రాత్రి ఉండాలని ప్లాన్. దానికి ఓవర్‌నైట్ పర్మిట్ వేరే తీసుకోవాలి. నా బ్యాగు నీళ్లు లేకుండానే 31 పౌండ్లు తూగింది, 25కి దించాలి. రెండు జతల జీన్స్ ఎందుకు మోశానో ఇప్పటికీ తెలీదు.