అనంతపురం ఎండల్లో యూరియా ద్రావణం

ఈ వారం ల్యాబ్‌లో ప్రొటీన్ మడతలు విప్పే ప్రాక్టికల్. 8 మోలార్ యూరియా పోస్తే హైడ్రోజన్ బంధాలు, లోపల నీటికి పడని భాగాల పట్టు సడలి, ఆల్ఫా హెలిక్స్ (మెలి తిరిగిన ఆకారం), బీటా షీట్ (పలకలా పరుచుకున్న ఆకారం) రెండూ పోతాయి. రెండు గంధకం పరమాణువుల మధ్య ఉండే డైసల్ఫైడ్ బంధాలు మాత్రం కదలవు. రైబోన్యూక్లియేజ్-ఎ అనే ఎంజైమ్‌లో అవి 4. వాటిని తెంచడానికి మెర్కాప్టోఇథనాల్ లాంటి రసాయనం కావాల్సిందే, అదీ పీహెచ్ 8 దగ్గర. అమినో ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధాలను ఇవేవీ తాకలేవు. కాబట్టి వాటి వరుస అలాగే ఉంటుంది.

అసలు జాగ్రత్త యూరియాతోనే. మే నెలలో ఏసీ లేని గదిలో నిల్వ పెడితే వేడికి అందులోంచి సయనేట్ అనే అయాన్ పుట్టి, ప్రొటీన్‌లోని లైసిన్ అనే అమినో ఆమ్లాలకు అంటుకుంటుంది. ఆ తర్వాత యూరియా తీసేసినా ప్రొటీన్ సరిగ్గా మడతపడకపోవచ్చు. ఏ రోజుకారోజు కలుపుకోండి: 8 మోలార్ కోసం 100 మి.లీ.కి 48 గ్రాములు, ముందు సగం నీళ్లే పోసి, కరిగాక 100కి నింపండి. కలుపుతుంటే బీకరు చల్లబడుతుంది, అయినా హాట్ ప్లేట్ మీద పెట్టొద్దు.