డోరు చివర లేచిన పట్టీ

నిద్ర రావట్లేదు, అందుకే ఈ టపా. బాగు చేయిస్తున్న మా పాత కారుకి పెయింట్ అయిపోయింది, ఇంజన్ స్టార్టవుతోంది, సీట్లు కూడా వచ్చేశాయి. ఇంత అయ్యాక నన్ను లేపి కూర్చోబెట్టింది ఎడమవైపు ముందు డోరు మీది స్టీలు పట్టీ. పొడుగంతా రేకుకి చక్కగా ఆనుకుని, వెనక చివర మాత్రం ఓ 2 మిల్లీమీటర్లు లేచి ఉంది. ఎదురుగా నిలబడితే తెలీదు. హెడ్‌లైటు దగ్గర వంగి ఒక కన్ను మూసి చూస్తే, వెనక డోరు మీదికి సాఫీగా పోవాల్సిన గీత అక్కడ విరిగిపోతోంది. మా ఆయన్ని పిలిచి చూపిస్తే "ఏదీ?" అన్నారు. ఆయన సంగతి మీకు తెలిసిందే.

తప్పంతా ఇదివరకు ఈ కారు మీద చెయ్యి చేసుకున్న మహానుభావుడిది. ఈ పట్టీలకి పైకి కనబడే స్క్రూ ఒక్కటీ ఉండకూడదు. రేకుకి రంధ్రాలుంటాయి, వాటిలో స్ప్రింగు క్లిప్పులు కూర్చుంటాయి, పట్టీ లోపలికి మడిచిన అంచులు ఆ క్లిప్పుల్ని పట్టుకుంటాయి. చివర్లలో మాత్రం క్లిప్పు బదులు చిన్న బోల్టు. డోరు లోపల నుంచి నట్టు బిగిస్తే పట్టీ జరగదు, లేవదు. ఈయనేం చేశాడంటే, అసలు రంధ్రాల్ని పుట్టీతో పూడ్చేసి, వాటి పక్కనే డ్రిల్లు పెట్టి, సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలతో ఏవో క్లిప్పులు బిగించాడు. కొత్త రంధ్రాల అంచులకి చుక్క ప్రైమర్ అయినా రాయలేదు. పట్టీ కింద చేరిన తడి ఓ పట్టాన ఆరదు కదా, విప్పి చూస్తే ప్రతి స్క్రూ చుట్టూ తుప్పు. ఆ చివరి బోల్టులు ఎక్కడ పారేశాడో!

పెయింట్‌కి ముందే ఆ రంధ్రాలన్నీ వెల్డింగ్‌తో మూయించాం. కుడి డోరు మీద అట్టముక్క పెట్టి అసలు రంధ్రాల కొలత తీసి, దాన్ని తిరగేసి ఎడమ డోరు మీద గుర్తులు పెట్టాం. అదొక్కటే సుఖంగా జరిగింది.

రెండో కోపం క్లిప్పుల ప్యాకెట్ మీద. అన్ని కార్లకూ సరిపోతాయట. ఆ మాట రాసినవాడు ఏ కారుకైనా బిగించి చూశాడా అసలు? పాతవాటి కన్నా ఎత్తు ఎక్కువ. మిగతా చోట్ల పట్టీ స్ప్రింగులా సర్దుకుంది, బోల్టు ఉండాల్సిన చివర మాత్రం లేచి కూర్చుంది. పోనీ గట్టిగా నొక్కుదామా అంటే కొత్త పెయింట్. క్లిప్పు అంచు దాన్ని కోసేసిందంటే మళ్లీ తుప్పు మొదలు. ప్రతి క్లిప్పు వెనకా సీలెంట్ పెట్టి, చుట్టూ మాస్కింగ్ టేప్ వేసి మరీ ఎక్కించింది ఇందుకా?

తమ్ముడు ఫోన్లో "డబుల్ సైడ్ టేప్ వేసెయ్ అక్కా, 72 గంటలు వదిలేస్తే ఇక ఊడదు" అన్నాడు. గంటల లెక్క వాడు చెప్పింది సరైనదే. కానీ టేప్ అంటుకోవడానికి వెనకవైపు చదునుగా ఉండాలి. ఈ పట్టీ వెనక అంతా బోలు, అంచులు మాత్రమే రేకుకి తగులుతాయి. గాలికి అంటించమంటాడా?

ఇలాంటివి బాబాయ్‌కి చెప్పక్కర్లేదు. షెడ్డులో సొట్టపడ్డ పట్టీని ఇసుక సంచి మీద బోర్లా పెట్టి, వెనక నుంచి చిన్న సుత్తితో టిక్కు టిక్కుమని కొట్టేవాడు. నా పని పైన మార్కరు పూయడం. తర్వాత ఆకురాయితో తేలిగ్గా ఒక్క గీటు గీసేవాడు. ఎత్తుగా ఉన్నచోట సిరా పోతుంది, ఇంకా గుంటగా ఉన్నచోట నల్లగా మిగులుతుంది. మళ్లీ సుత్తి, మళ్లీ మార్కరు. "కంటితో కాదమ్మడూ, వేలితో చూడు" అనేవాడు. నాకేమో వేలికి ఏమీ తెలిసేది కాదు, తెలిసినట్టు తలూపేదాన్ని. ఆ తర్వాత 220 నంబరు గరుకు కాగితం, 400, 600, చివరికి గుడ్డ చక్రం మీద పాలిష్. స్టీలు కాబట్టి ఎంత అరగదీసినా కింద ఉండేదీ స్టీలే. బంపర్ జోలికి మాత్రం నన్ను రానిచ్చేవాడు కాదు. క్రోమ్ పొర మందం మైక్రాన్ కూడా ఉండదు, దాని కింద నికెల్, ఆ కింద రాగి. బానెట్ మీది అక్షరాల నట్లయితే వేళ్లతో తిప్పి వదిలేసేవాడు. అవి పోత పోసిన జింకువి, పానా పెడితే వెనక పుల్ల పుటుక్కుమంటుంది.

ఇదంతా టైపు చేస్తుంటే ఆ స్క్రూల మహానుభావుడి మీద కోపం కాస్త తగ్గింది. అతనికీ ఆ చివరి బోల్టు దొరికి ఉండదు. అది లేకుండా పట్టీ ఎగిరిపోతుందని భయపడి, చేతికందింది బిగించాడేమో. అతను బిగించబట్టే కదా పట్టీ నా దాకా వచ్చింది! సరే, స్క్రూలు క్షమించాను. పుట్టీని, ఆ రాయని ప్రైమర్ని మాత్రం క్షమించను.

ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు మాత్రం ఈ గీతలు కలిశాయా అని కూడా అనిపించింది. కుడివైపు వెళ్లి చూసొచ్చాను, టార్చి వేసుకుని. కలిశాయి. అయిపోయింది.

కాబట్టి ఆ చివర క్లిప్పు తీసేసి సరైన బోల్టే పెట్టాలి. టీ ఆకారపు తల ఉన్నది బాబాయ్ పాత డబ్బాల్లో ఉండొచ్చు, లేకపోతే చేయిస్తాడు. నట్టు బిగించాలంటే డోరు లోపలి ప్యాడ్ మళ్లీ ఊడదీయాలి. దాన్ని మొన్ననే కొత్త గుడ్డతో కుట్టి బిగించి, "ఇక దీన్ని ముట్టుకోకండి" అని చెప్పి మరీ వెళ్లాడు సీట్లు కుట్టే ఆయన. ఆయనతో మా ఆయన మాట్లాడతారు. నేను మాట్లాడను.