తాతయ్య వాచీ: మూడో కట్ దాకా

సెలవుల్లో మొదలుపెట్టిన మూడు నిమిషాల వీడియో ఇంకా అవ్వలేదు, కానీ మూడో కట్ (ఎడిట్ చేసిన మూడో వెర్షన్) దాకా వచ్చింది కాబట్టి మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నా. కథ చిన్నదే. రాజమండ్రిలో గోదావరి గట్టు దగ్గర ఉండే ఒక పెద్దాయన రోజూ సాయంత్రం వంతెన మీద ప్యాసింజరు చప్పుడు వినగానే వాచీ టైము సరిచేసుకుంటాడు. ఒకరోజు రైలు లేటు. ఆయన రైలుని తప్పుపట్టడు, వాచీనే వెనక్కి తిప్పేస్తాడు. అంతే. పెద్దాయన వేషం మా తాతయ్యది (అమ్మ వాళ్ల నాన్న), వాచీ కూడా ఆయనదే, రోజూ కీ ఇవ్వాల్సిన పాత హెచ్‌ఎంటీ. మాటలు లేవు కదా, పని తేలిక అనుకున్నా. అక్కడే బోల్తా పడ్డా.

మొదటి రోజు రాత్రి హాల్లో ట్యూబ్‌లైటు కింద తీసిన పద్నాలుగు షాట్లూ పోయాయి. ఫోన్ స్క్రీన్ మీద బాగానే కనిపించాయి, లాప్‌టాప్‌లో వేసి చూస్తే గోడ మీద నల్లటి చారలు మెల్లగా పైకి పాకుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మినుకుమంటుంది, ఆటోలో వదిలేస్తే ఫోను తన ఇష్టమొచ్చిన షటర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడనిచ్చే సమయం) పెట్టుకుంటుంది, ఆ రెండూ కలవవు. సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లోకి వెళ్లి సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 అని లాక్ చేస్తే చారలు పోయాయి. వైట్ బ్యాలెన్స్ (ఫోను రంగుల్ని సరిచేసుకునే సెట్టింగు) కూడా లాక్ చేసుకోండి, లేకపోతే తెల్లచొక్కా ఫ్రేములోకి వచ్చినప్పుడల్లా గోడ రంగు మారుతుంది.

తర్వాత రాత్రి షూటింగే మానేశా. మా తూర్పు కిటికీ దగ్గర ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది లోపు వచ్చే వెలుతురు ముందు ఏ లైటూ పనికిరాదు. ముఖానికి రెండో పక్క నీడ మరీ నల్లగా ఉంటే స్టేషనరీ షాపులో దొరికే థర్మాకోల్ షీటు ఒకటి కుర్చీకి ఆనించి పెట్టా, సరిపోయింది. ఒకరోజు షీటు లేకుండానే వెలుతురు భలే మెత్తగా వచ్చింది, ఎందుకా అని చూస్తే బయట తీగ మీద తాతయ్య పంచె ఆరేసి ఉంది!

వాచీ క్లోజప్ మాత్రం చాలా ఏడిపించింది. ఫోను మరీ దగ్గరికి తీసుకెళ్తే ఫోకస్ కుదరదు. చివరికి తాతయ్య పేపరు చదివే భూతద్దాన్ని లెన్సు ముందు పట్టుకుని తీశా. అంచులు కాస్త మసకగా వచ్చాయి కానీ మధ్యలో బొటనవేలి గోరు, దాని కింద తిరుగుతున్న చిన్న కీ, వేలు వణికినప్పుడల్లా గాజు మీద కదిలే కిటికీ వెలుగు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మొత్తం వీడియోలో నాకు నచ్చిన షాట్ అదొక్కటే.

వంతెన షాట్ పుష్కర్ ఘాట్ మెట్ల మీద నుంచి తీశా. రైల్వే స్థలంలో అయితే పర్మిషన్ గొడవ, ఘాట్ మీద ఎవరూ ఏమీ అనలేదు. మన ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది కాబట్టి పొద్దున వెళ్తే ఎండ మన వెనక నుంచి పడి ఆర్చ్ బ్రిడ్జి చప్పగా కనిపిస్తుంది, సాయంత్రం వెళ్తే సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతూ 28 ఆర్చీలూ నల్లగా తేలతాయి. (పక్కనే 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచిన హేవ్‌లాక్ వంతెన కూడా ఉంది, దాన్ని ఫ్రేములోంచి తప్పించడానికి మనసొప్పలేదు.) ఇక్కడ 1/50 పెడితే ఆకాశమంతా తెల్లగా కాలిపోయింది, వెలుతురు తగ్గించడానికి లెన్సు ముందు పెట్టే నల్లద్దం, ఎన్‌డీ ఫిల్టర్, కొనే డబ్బుల్లేవు, అంత దూరంలో పోయే రైలుకి మోషన్ బ్లర్ (కదలికకి వచ్చే మసక) ఎవరు చూస్తారులే అని షటర్ 1/1000 దాకా పెంచేశా. ఇదొక్కటీ 4కెలో తీశా, ఎడిటింగ్‌లో జూమ్ చేసుకోవచ్చని. నా ఫోన్‌లో 4కె నిమిషానికి దాదాపు 350 ఎంబీ తింటుంది, మిగతావన్నీ 1080లోనే.

ఇక సౌండు. మాటలు లేని వీడియోలో మిగిలేది చప్పుళ్లే అని నాకు రెండో కట్ చూసుకునేదాకా వెలగలేదు. చెల్లి ఫోన్‌లో సౌండు విడిగా రికార్డు చేశా, ప్రతి టేకు ముందూ ఒక చప్పట్లు, ఎడిటింగ్‌లో కలుపుకోవడానికి. కలిపాక కూడా రెండు నిమిషాలకల్లా జరిగిపోతోంది, ఎందుకంటే ఫోను వీడియోలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, ముందు హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్‌కి మార్చి, ఆ తర్వాతే డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకోవాలి. ఎనిమిది జీబీ ర్యామ్ లాప్‌టాప్ అయితే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం వాడే తేలికపాటి కాపీలు) కూడా చేసుకోండి, లేకపోతే కట్ నొక్కి టీ తాగి రావచ్చు.

మే నెలలో ఫ్యాను ఆపమంటే తాతయ్య "ఒరేయ్, వాచీకి కీ ఇవ్వడానికి నన్నిలా చెమటలో ముంచాలా?" అన్నాడు. నిజమే పాపం. అందుకే ఇప్పుడు ముందు ఫ్యాను వేసే షాట్లు తీసుకుని, తర్వాత ఐదు నిమిషాలు మాత్రం ఆపి చప్పుళ్లు పట్టుకుంటున్నా, దాంతోపాటు ఖాళీ గది చప్పుడు కూడా నలభై సెకన్లు. వాచీ టిక్ టిక్ ఎక్కడ పెట్టినా సరిగా రాలేదు, టేబుల్ మీద పెడితే వీధిలో హారన్లు కూడా వచ్చేస్తున్నాయి. అమ్మమ్మ బీరువాలో చీరల మధ్య వాచీనీ ఫోన్నీ కలిపి పెట్టి తలుపు మూశా. ఆ బీరువా స్టూడియోకి ఏమాత్రం తీసిపోదు.

రైలు చప్పుడు దగ్గర మాత్రం చిన్న దొంగపని చేశా. ప్యాసింజరు వెళ్లినప్పుడు మైకుకి గాలి కొట్టి అంతా బుస్సుమంది. అదే సాయంత్రం మైకుకి పాత సాక్సు తొడిగి ఇంకో రైలుది పట్టుకున్నా, బ్రహ్మాండంగా వచ్చింది, దాన్నే ఆ బొమ్మ కింద వేసేశా. ఎవరికి తెలుస్తుంది?

మూడో కట్ 2 నిమిషాల 48 సెకన్లు. నిన్న రాత్రి తాతయ్యకి ఇయర్‌ఫోన్స్ పెట్టి చూపించా. తన ముఖం గురించి ఒక్క మాట అనలేదు. వంతెన దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుని విని, "ఇది ప్యాసింజరు కాదురా, గూడ్సు" అన్నాడు.

ఆదివారం సాక్సు పట్టుకుని మళ్లీ ఘాట్‌కి.