మూడో మంగళవారం, ఒక సీసా నీళ్లు

నెలలో మూడో మంగళవారం పొద్దున్నే ఐదింటికి నా ఫోన్‌లో అలారం మోగుతుంది. మేముండేది బోస్టన్ పక్కన వాల్తమ్‌లో. ఆరింటికల్లా చార్లెస్ నది మీది వంతెన దగ్గర ఉండాలి. తొమ్మిదింటికి ఆఫీసులో మీటింగ్. ఈ రెంటి మధ్య నా పని ఇంతే. నదిలోంచి ఒక సీసా నీళ్లు పట్టి, ఐస్ బాక్సులో పెట్టి, ఫారం మీద సంతకం పెట్టి అప్పజెప్పడం.

అమ్మకు చెబితే ఫోన్లో మొదట అడిగింది, "దానికెంత ఇస్తరు బిడ్డా?" అని. ఏమీ ఇవ్వరన్నాను. "ఉత్తగనేనా? మరి ఆ చలిల ఎందుకు పోతున్నవ్?"

మొదట్లో నాకూ జవాబు తెలియదు. నలుగురితో పరిచయం అవుతుందని వెళ్లాను. చార్లెస్ రివర్ వాటర్‌షెడ్ అసోసియేషన్ వాళ్ల కార్యక్రమం ఇది. 1995 నుంచి నడుస్తోంది. దాదాపు 80 మైళ్ల నది పొడవునా 35 చోట్ల వాలంటీర్లు ఒకే ఉదయం నీళ్లు పడతారు. ఒకే ఉదయం ఎందుకంటే, ఒకచోట ఇవాళ, ఇంకోచోట వాన పడ్డాక రేపు సీసా నింపితే ఆ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టలేం.

శిక్షణలో మొదటి పాఠం సీసా మూత. లోపలివైపు వేలు తగలకూడదు, మూత కింద పెట్టకూడదు, సీసాను నది నీళ్లతో తొలవకూడదు. అది వింటుంటే ఆవకాయ జాడీ దగ్గరికి తడి చేత్తో రానివ్వని మా అమ్మే గుర్తొచ్చింది. మలం కలిసిన నీళ్లలో కనిపించే ఇ.కోలి బ్యాక్టీరియా లెక్క తేలాలంటే ఆ బ్యాక్టీరియా నదిదే అయుండాలి, మన చేతిది కాకూడదు కదా.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, అనుమానమే నా జీతం. ఇక్కడా అదే అనుమానం. కొన్నిచోట్ల రెండేసి సీసాలు పట్టి ఫలితాలు కలుస్తాయా అని చూస్తారు. శుద్ధమైన నీళ్లు నింపిన సీసా ఒకటి మిగతావాటితో పాటే ల్యాబుకు వెళుతుంది. దానికి సున్నా రావాలి. రాలేదంటే తప్పు మాది, నదిది కాదు. ఈ పద్ధతంతా ముందే కాగితం మీద రాసి రాష్ట్ర పర్యావరణ శాఖ నుంచి, అమెరికా కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ నుంచి ఆమోదం తీసుకున్నారు. అందుకే రిటైరైన టీచరమ్మ, నేను కలిసి పట్టిన నీళ్లను "ఔత్సాహికులవి" అని ఎవరూ పక్కన పడేయలేరు.

ఈపీఏ ఏటా ఈ నది దిగువ భాగానికి బడి పిల్లలకు ఇచ్చినట్టు గ్రేడు ఇస్తుంది. ఆ గ్రేడు తేలేది ప్రధానంగా ఈ నెలనెలా సీసాల లెక్కతో. 1995లో వచ్చింది 'డి'. ఆ ఏడాది పడవ నడపడానికి పనికొచ్చే ప్రమాణం అందుకున్నది 39 శాతం సార్లే, ఈతకైతే 19 శాతమే. వాన పడ్డాక బ్యాక్టీరియా పెరిగితే వీధుల మురికి కొట్టుకొచ్చిందనుకోవచ్చు. చుక్క వాన లేని వారంలో కూడా ఒకేచోట ఎక్కువగా ఉంటే? ఎక్కడో ఇళ్ల మురుగు పైపును వాననీటి కాలువకు కలిపేశారన్నమాట. అలాంటి పొరపాటు కనెక్షన్లు వెతికి సరిచేయించారు. 2013లో గ్రేడు 'ఎ మైనస్' దాకా వెళ్లింది. అదే ఏడాది, యాభై ఏళ్లకు పైగా ఆగిపోయిన ఈత కోసం జనాన్ని అధికారికంగా నదిలోకి దింపారు.

నది బాగుపడింది వాలంటీర్ల వల్లేనంటే అది గొప్పలకు పోవడమే. కోర్టు ఆదేశాలున్నాయి, మురుగు వ్యవస్థ మీద పోసిన బిలియన్ల డాలర్లున్నాయి. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో, పెట్టాక ఫలించిందో లేదో చెప్పిన లెక్కల్లో మా సీసాలూ ఉన్నాయి. పని అయిపోలేదు కూడా. పెద్ద వాన పడితే ఇప్పటికీ బోట్‌హౌస్‌ల మీద నీళ్లు బాగున్నాయని చెప్పే నీలం జెండా దిగి, జాగ్రత్త అని చెప్పే ఎర్ర జెండా లేస్తుంది. ఫాస్ఫరస్ వల్ల ఎండాకాలంలో నీళ్ల మీద పచ్చటి తెట్టు కడుతుంది.

మాది వలిగొండ వైపు, మూసీ పక్క ఊరు. నదికి అడ్డంగా కట్టిన భీమలింగం కత్వ దగ్గర తెల్లటి నురగ తేలుతుంటే చిన్నప్పుడు చేతుల్లోకి తీసుకుని ఊదేవాళ్లం. నీళ్లు పాడయ్యాయని ఊళ్లో అందరికీ తెలుసు. ఏ రోజు, ఎంత అని ఎవరైనా అడిగితే చూపించడానికి మా ఊళ్లో ఎవరి దగ్గరా ఒక్క కాగితం లేదు. ఈ మాట అమ్మతో అంటే కాసేపాగి, "సీసా అయితే నేను గూడ ముంచుత" అంది.

సీసా ముంచడం తేలికే. నిరుడు నవంబర్లో మీటింగ్ టెన్షన్‌లో ఫారం మీద నీళ్లు పట్టిన టైం రాయడం మరిచిపోయాను. నీళ్లు పట్టాక ఇన్ని గంటల్లోపు పరీక్ష మొదలవ్వాలన్న నియమం ఉంది. టైం లేదు కాబట్టి శాంపిల్ చెల్లదన్నారు. ఆరున్నర ప్రాంతమని నాకు గుర్తుంది, ఫోన్ చేసి చెప్పాను కూడా. తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పింది తీసుకోం అన్నారు, చాలా మర్యాదగా.

ఆ నెల పట్టికలో మా వంతెన ఎదురుగా గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.